మర జారిన కార్బురేటర్

పని మానేసి ఐదేళ్లయింది. ఇప్పటికీ జయపురంలో ఏ వర్క్‌షాపు ముందు నుంచి వెళ్లినా మెకానిక్కులు స్టూలు లాగి కూర్చోబెడతారు. టీ తెప్పించి, ఏదైనా చెప్పమంటారు. వాళ్లకి కావలసినవి నా ఘనకార్యాలు. ఎవరు ముట్టుకున్నా కదలని ఇంజను నేను చెయ్యి వెయ్యగానే కదిలిన కథలు. అలాంటివి నా దగ్గర నాలుగైదున్నాయి. చెప్పి చెప్పి నున్నగా అరిగిపోయాయి. ఇప్పుడు రాస్తున్నది మాత్రం వాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు. స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చెప్పగలిగిన సంగతి కాదిది.

మా నాన్న విజయనగరం వైపు నుంచి ఒడిశాలోని ఈ జయపురం వచ్చి, మునిసిపాలిటీలో నీళ్ల పంపుల దగ్గర కుదిరారు. నేను ఇక్కడే పుట్టి, పంపుసెట్లూ విడిభాగాలూ అమ్మే ఒక తెలుగు షావుకారి వర్క్‌షాపులో చేరి, అక్కడే జుట్టు నెరిపించుకున్నాను. ఈ సంగతి జరిగినప్పటికి నాకు నలభై ఆరేళ్లు. నేర్చుకుంటున్న వయసని తప్పించుకోవడానికి లేదు. ఊళ్ల మీదికి వెళ్లి చెయ్యాల్సిన పనులన్నీ నావే. సామాను సంచి భుజాన వేసుకుని పొద్దున్న బస్సుకి వెళ్లి, మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చేసేవాణ్ణి. రెండు రోజుల పని పూటలో తేల్చేస్తాడని నాకు పేరు. ఆ పేరంటే నాకు మహా ఇష్టం. ఒకచోట పని చేస్తుంటే బుర్ర అప్పటికే తర్వాతి చోట ఉండేది. అన్నం ముందు కూర్చున్నా కాలు ఆడుతూనే ఉండేది. మా ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి ఆపితే ఆగేది, తీస్తే మళ్లీ మొదలయ్యేది.

మా వర్క్‌షాపు వెనక గదిలో లేతు మీద పనిచేసే టర్నర్ నాకు పూర్తి విరుద్ధం. బొబ్బిలి మనిషి. ఆయన్ని అందరం మేస్త్రిగారనే పిలిచేవాళ్లం. అప్పటికి ఆయన పని మానెయ్యడానికి రెండు నెలలుంది. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేయించుకోమంటే లేతు వదిలాక చేయించుకుంటానని వాయిదా వేస్తూ వచ్చారు. కొలత కంటితో కాక వేలితో చూసేవారు. ఇనుము మీద బొటనవేలు నడిపి, ఇంకో వెంట్రుకవాసి తియ్యాలి అనేవారు. తీశాక కొలిచి చూస్తే ఆయన చెప్పిందే నిజమయ్యేది. ఆయన పనిలోని నిదానం చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఎండలు ముదురుతున్న రోజులు. పొట్టంగి అవతల ఒక గెడ్డ, అదే కొండవాగు, ఒడ్డున కూరగాయలు పండించే ఇంటినుంచి కబురొచ్చింది. ట్రాక్టరు కార్బురేటర్ కారుతోంది, మనిషిని పంపమని. పొట్టంగిలో దిగి మూడు మైళ్లు నడిస్తే ఆ పొలం. ఆ ట్రాక్టరు చూసి నవ్వొచ్చింది. ఏదో తోటల వాళ్లు వేలం వేస్తే ఆ ఇంటి పెద్దాయన ఎన్నడో కొన్నారట. పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కాక కిరసనాయిలు మీద నడిచే పాతకాలపు బండి. టైర్లు ఎప్పుడో పోయాయి. నాలుగు బండరాళ్ల మీద కూర్చోబెట్టి, పక్కనున్న చక్రానికి బెల్టు వేసి, దానితో పంపు తిప్పి గెడ్డ నీళ్లు పొలానికి ఎక్కిస్తున్నారు. కరెంటు లైను అక్కడిదాకా రాలేదు.

కొన్న పెద్దాయన పోయారు, ఆయన పెద్దకొడుకూ పోయాడు. ఆ పెద్దకొడుకు భార్యే ఇప్పుడు పొలం చూస్తోంది. యాభై దాటిన మనిషి. సాలూరు నుంచి కోడలుగా వచ్చి ముప్పై ఏళ్లయినా మాటలో సాలూరు పోలేదు. ఇంజను తిప్పేవాడు ఆవిడ మరిది. పొలం నిండా బీన్స్. అప్పుడప్పుడే పూత పడుతోంది.

నూనె గొట్టం కార్బురేటర్‌లోకి బిగించే చోట చుక్కచుక్కగా కారుతోంది. సరిగ్గా దాని కిందే పొగగొట్టం మొదలు. ఇంజను తిరుగుతుంటే అక్కడ చెయ్యి పెట్టలేం, అంత కాలుతుంది. దాని మీద పెట్రోలు పడుతూ ఉంటే ఏదో ఒకరోజు అంటుకోక తప్పదు. అంతకుముందు ఇద్దరు మెకానిక్కులు వచ్చి చూసి, ఇది ఆగేది కాదు, కింద రేకు కట్టుకోండి అని చెప్పి వెళ్లారట. ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్లు పొంగింది.

పద్ధతి ప్రకారం గొట్టం నట్టు విప్పాలి, తుడవాలి, లోపల కూర్చునే చోటు ఎలా ఉందో చూడాలి, కొత్త వాషరు వెయ్యాలి. పావుగంట పని. నేను విప్పలేదు. పెద్ద స్పానర్ వేసి ఒక పావు చుట్టు బిగించాను. చుక్క ఆగలేదు. ఇంకో పావు చుట్టు బిగించాను. అయినా ఆగలేదు. ఆ రోజు నాకు తొందరపడాల్సిన కారణం ఒక్కటి కూడా లేదు. ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు, ఇంకో ఊరు వెళ్లాల్సిన పని లేదు. ఉండి ఉంటే చెప్పుకోవడానికైనా బాగుండేది. స్పానర్ మీద బరువు వేసి ఇంకొంచెం లాగాను.

అప్పుడు చేతికి తెలిసింది. బిగుస్తున్న మర చేతిని వెనక్కి నెడుతూ ఉంటుంది. ఒక్కసారిగా ఆ నెట్టడం పోతుంది, స్పానర్ ఊరికే తిరుగుతుంది. మెట్టుందనుకుని కాలు వేస్తే కింద ఏమీ లేనట్టుంటుంది. విప్పి చూశాను. నట్టు ఇత్తడిది, గట్టిది. కార్బురేటర్ ఒళ్లు మెత్తటి తెల్లలోహం. అన్నేళ్ల వేడికి పెళుసెక్కిపోయింది. దాని మరలన్నీ తెగి వెండి తీగల్లా నట్టుకి చుట్టుకుని వచ్చేశాయి. లోపల మిగిలింది నున్నటి కన్నం. అలాంటి కార్బురేటర్ కొందామంటే ఆ బండి చేసిన దేశంలోనే దొరకదు.

ఆవిడ నాకు నాలుగు బారల దూరంలో, చంకలో గంప పెట్టుకుని నిలబడి చూస్తోంది. ‘అమ్మా, పొరపాటైంది, మర పోయింది’ అని ఆ క్షణంలో అనొచ్చు. అంతే మాట. నేను ఆవిడకి వీపు తిప్పి కూర్చున్నాను. నట్టుకి నూలుదారం చుట్టి, సంచిలో ఉన్న జిగురు ముద్ద దట్టంగా పూసి, కన్నంలోకి నొక్కి, బయటినుంచి ఇనప తీగతో లాగి కట్టాను. కాసేపు ఆరనిచ్చాక మరిది హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది. ఐదు నిమిషాలు చూశాను. చుక్క లేదు. కాలువలోకి నీళ్లు దూకాయి.

“నడపొచ్చా బావూ?” అని ఆవిడ అడిగింది.

“నడుపుకోండమ్మా. ఇంకేం భయం లేదు,” అన్నాను.

చోడి జావ, అదే రాగి అంబలి, తాగి వెళ్లమంది. బస్సుకి టైమైందని వచ్చేశాను. మూడు గంటల బస్సు దొరికింది.

సునాబెడ దాటేవరకూ బాగానే ఉన్నాను. ఆ తర్వాత చేతులనుంచి పెట్రోలు వాసన తగిలింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాను. ఇంటికెళ్లి సబ్బుతో రెండుసార్లు కడిగాను. వాసన పోయింది, కాని నాకు పోయినట్టు అనిపించలేదు. ఆ ముద్ద ఎన్నాళ్లు ఉంటుందో నాకు తెలుసు. వేడి తగిలే కొద్దీ చుట్టూ బీటలిస్తుంది, ఇంజను అదురుకి ఒకరోజు ఊడి చేతిలోకి వస్తుంది. పైన తొట్టి నిండా ఉన్న నూనె అప్పుడు చుక్కలుగా కారదు, ధారగా పడుతుంది. రెండు రోజులా, పది రోజులా అన్నదే తెలియదు.

మర్నాటినుంచి ఏ పనిలోనూ మనసు నిలవలేదు. ఒక పంపుకి గ్యాస్కెట్ తిరగేసి వేశాను. ఇంకొకదానికి బోల్టు విరగ్గొట్టాను. రోడ్డు మీద ఎవరైనా పొట్టంగి అంటే చెవులు రిక్కించుకునేవాణ్ణి. పొట్టంగి బస్టాపు దగ్గర టీకొట్టు ఉంది, దాని నంబరు నా ఫోన్లో ఉంది. పొలం దగ్గర సిగ్నల్ లేదు కనక వాళ్లకి ఏ కబురైనా ఆ కొట్టాయనకి చెప్తే అందుతుంది. ఇంజను నడపొద్దని చెప్పమంటే చాలు. మొదటిసారి నంబరు నొక్కి మోగకముందే కట్ చేశాను. రెండోసారి ఆయన ఎత్తాడు. అల్లం ధర ఎలా ఉందని అడిగి పెట్టేశాను. జన్మలో నేను అల్లం కొన్నదీ లేదు, అమ్మిందీ లేదు. ఏదైనా జరిగి ఉంటే ఆయనే చెప్పేవాడు కదా అని ఆ పూటకి ధైర్యం తెచ్చుకున్నాను. తెల్లారేసరికి ఆ ధైర్యమూ పోయింది.

ఆరో రోజు విరిగిన బోల్టు పట్టుకుని మేస్త్రిగారి గదికి వెళ్లాను. ఆయన దాన్ని చూడలేదు. లేతు ఆపి నావైపు తిరిగారు.

“ఏటి బావూ, వారం నుంచి సూత్తన్నాను. నీ సెయ్యి నీ మాట ఇనడం నేదు. ఏటైనాది?”

చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన తిట్టలేదు. కన్నం చుట్టూ గోడ మందం ఎంత మిగిలిందని అడిగారు. చూడలేదన్నాను.

“సూడకండా వొచ్చీసేవా,” అన్నారు. నాకు ఆ ఒక్క మాటే చాలింది.

కన్నం కాస్త పెద్దది చేసి, దానికి కొత్త మరలు కోసి, అందులో చిన్న గొట్టంలాంటి ఇత్తడి బుష్షు బిగించి, ఆ బుష్షు లోపల పాత నట్టు పట్టే మరలు ఉండేలా చెయ్యడం, దారి ఇదొక్కటే. చెప్పడానికి తేలిక. ఆ నట్టు మర పాత ఇంగ్లీషు కొలత. మా షాపులో మర కోసే సామానులో అది లేదు. మేస్త్రిగారు తన పెట్టె అడుగునుంచి నూనెగుడ్డలో చుట్టిన, కన్నంలో తిప్పి మర కోసే ట్యాపులు కొన్ని తీశారు. కుర్రతనంలో పనిచేసిన చోట కొనుక్కున్నవట, ముప్పై ఏళ్లుగా అక్కర రాలేదు. గోడ మందం తెలియదు కనక ఒక బుష్షు చాలదన్నారు. బయటి కొలత కొంచెం కొంచెం తేడాతో మూడు బుష్షులు చేశారు. కళ్లు సరిగా కనపడని మనిషి ఆ మూడూ చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను ఆ గది గుమ్మంలో నిలబడటం, పోవడం, మళ్లీ రావడం. ఒకసారి ఆయన తల ఎత్తకుండానే, “నువ్వలగ తిరగతంటే నా లేతుకి కళ్లు తిరుగుతున్నాయి,” అన్నారు.

షావుకారుకి సంగతి తెలిసి పిలిపించారు. అవతలివాళ్లనుంచి ఏ ఫిర్యాదూ రాలేదు, రాలేదంటే పని బాగున్నట్టే, నీ అంతట నువ్వు వెళ్లి తప్పు నాదే అంటే షాపు పేరు ఏమవుతుంది అని ఆయన వాదన. ఆ వాదన వారం రోజులుగా నాకు నేనే చెప్పుకుంటున్నది, అక్షరం తేడా లేదు. ఇంకొకరి నోట వినేసరికి ఎంత అసహ్యంగా ఉందో తెలిసింది. సెలవు పెట్టాను. మేస్త్రిగారు కూడా సెలవు పెట్టారు. ఆయనకి ఘాట్ రోడ్డు పడదు. బస్సెక్కితే వాంతులు. నిమ్మకాయ ఒకటి జేబులో వేసుకుని వచ్చారు.

తొమ్మిదో రోజది. ఇక్కడి చైత్రమాసపు పండగ, చైత్ పరబ్ మొదలైంది. ఊరూరా రోడ్డుకి వెదురుబొంగు అడ్డం పెట్టి, ఆడవాళ్లు చేతులు కలిపి ఆడుతూ పాడుతూ చందా అడుగుతున్నారు. బస్సు నాలుగుచోట్ల ఆగింది. మరో ఏడాదైతే నేనూ దిగి నవ్వుతూ చూసేవాణ్ణి. ఆ రోజు సీటు అంచున కూర్చుని, ముందు కడ్డీ పట్టుకుని, నెట్టితే బస్సు కదులుతుందేమో అన్నట్టు ఊగుతున్నాను. పక్కన మేస్త్రిగారు నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని ఉన్నారు.

పొట్టంగిలో దిగి టీకొట్టాయన్ని ఏమీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు. మూడు మైళ్లూ నడిచాం. ఆయనకి దారిలో రాళ్లు కనపడవు, నా భుజం పట్టుకున్నారు. అందుకే నేను పరుగెత్తలేకపోయాను. మామూలుగా ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంజను చప్పుడు వినపడాలి. ఏ చప్పుడూ లేదు, గెడ్డలో నీళ్ల సవ్వడి తప్ప. మలుపు తిరిగాను. నల్లగా మాడిన నేలకోసం వెతికాయి నా కళ్లు.

ట్రాక్టరు ఎక్కడిదక్కడే ఉంది. దాని మీద గోనెలు కప్పి ఉన్నాయి. గెడ్డనుంచి పొలంలోకి ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోస్తున్నారు. ఆవిడా మోస్తోంది. నన్ను చూసి బిందె దించింది. కుడి భుజం మీద చీర కింద గుడ్డ మడత పెట్టుకుని ఉంది.

“ఇంజను నడపలేదేటమ్మా?” అన్నాను. ముందుగా నోట వచ్చింది అదే.

“నువ్వెల్లిన రోజే ఆపీసినాను,” అంది. “ముందొచ్చినోలు కారతాదని సెప్పినోలే గాని, పనయ్యాక ఒకపాలి దూరంగా నిలబడి సూసినారు. నువ్వు నాకేసి సూడనేదు, దానికేసీ సూడనేదు. సంచి సర్దీసి ఎల్లిపోనావు. బాగు సేసినోడు అలగ ఎల్తాడేటి?”

మరిది అక్కడే ఉన్నాడు. మెకానిక్కు నడుపుకోమన్నాక ఈవిడ ఎవరు ఆపడానికని తొమ్మిది రోజులుగా ఇంట్లో గొడవ. అతను స్టార్టు చేస్తాడని ఆవిడ హ్యాండిల్ తీసుకెళ్లి బియ్యం డ్రమ్ములో దాచేసింది. పొలంలో సగం దాటి బిందెల నీళ్లతో నిలబెట్టుకున్నారు. గెడ్డకి దూరంగా ఉన్న వైపు చాలడం లేదు. అక్కడ తీగలు వాడి, పూత రాలి, ఆకు పసుపు తిరిగిపోయింది. నేను మంట గురించే భయపడ్డాను. ఈ నష్టం నా ఊహకే రాలేదు.

“అమ్మా, ఆ రోజు మర నా చేతిలోనే పోయింది. మీకు అబద్ధం చెప్పాను,” అన్నాను.

మరిది మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

“ముందు పని సూడు బావూ. తిట్లెక్కడికీ పోవు,” అంది.

కార్బురేటర్ విప్పి, దూరంగా పనస చెట్టు నీడలో పలక మీద పెట్టుకున్నాం. నా ముద్ద గోటితో తాకితే పెచ్చుగా ఊడింది. ఇంకో పూట నడిపి ఉంటే చాలు. మేస్త్రిగారు కన్నంలో వేలు పెట్టి, చుట్టూ తడిమి, మూడు బుష్షుల్లో సన్నది తీసుకున్నారు. గోడ పలచగా ఉంది, ఒక్కసారే అవకాశం అన్నారు. ఆయనకి కన్నం కనపడదు కనక ట్యాపు తిప్పాల్సింది నేను. కార్బురేటర్ ఒంటి మీద ఆయన రెండు వేళ్లు ఆనించి కూర్చున్నారు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. పొట్టు రాల్చి, నూనె చుక్క వేసి, మళ్లీ అర చుట్టు.

నాలుగు మరలు కోశాను. ఎదురుగా ఆడవాళ్లు బిందెలతో వెళ్తున్నారు, వస్తున్నారు. వాళ్లు వెళ్లిన ప్రతిసారీ నా చెయ్యి అర చుట్టు బదులు ముప్పావు తిరుగుతోంది. నాకు తెలియలేదు. మేస్త్రిగారి వేళ్లకి తెలిసింది. నా మణికట్టు పట్టుకున్నారు.

“ఆపు. నీ సెయ్యి పరిగెడతన్నాది. లేచెల్లు. నాలుగు బిందెలు మోసి రా.”

నాలుగు కాదు, ఎనిమిది మోశాను. గెడ్డ గట్టు దిగి, బిందె ముంచి, భుజాన ఎత్తి, ఎక్కి, వాడిన వైపు చివరిదాకా వెళ్లి మొక్క మొక్కకీ పోశాను. రెండో బిందెకే భుజం కమిలింది. వాళ్లు తొమ్మిది రోజులు మోశారు. ఎనిమిదో బిందె దించేసరికి ఆయాసంతో నిలబడలేకపోయాను. చెట్టు కిందికి వచ్చి కూర్చుంటే చేతుల్లో తొందర పూర్తిగా పోయింది. అలసటే మిగిలింది. మిగతా మరలు అలాగే కోశాను. ఆయన వేళ్లు మళ్లీ నన్ను ఆపలేదు.

బుష్షు బిగిసింది. నట్టు అందులో నిండుగా కూర్చుంది. అయిపోయిందనుకున్నాను. మేస్త్రిగారు గోటితో కన్నం అంచు చుట్టూ గీస్తూ ఒకచోట ఆగారు. నాకేమీ కనపడలేదు. ఆవిణ్ణి కాస్త సున్నం అడిగారు. అంచు మీద కిరసనాయిలు రాసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సున్నం పూసి కూర్చున్నాం. కాసేపటికి తెల్లటి సున్నం మీద సన్నటి తడి గీత తేలింది. గోడ చిట్లింది. వెంట్రుకంత.

మరిది కూడా వంగి చూశాడు. అదొక గీతేనా అన్నాడు. బిగించి చూస్తే చుక్క కారడం లేదు కదా, ఇవాళ నడిపేద్దాం, నాలుగు గంటలు నీళ్లు పారితే ఆ వైపు బతుకుతుంది అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. బహుశా ఆ రోజుకి ఏమీ అయ్యేది కాదు కూడా. ఆవిడ నా ఎదుట నిలబడింది.

“నడపొచ్చా బావూ?”

“నడపకూడదమ్మా,” అన్నాను. “చిట్లింది. దీనికి బయట ఇత్తడి కట్టు వెయ్యాలి. జయపురం తీసుకెళ్లి రేపు తెస్తాను.”

“రేపంటే రేపేనా?”

“రేపే.”

మరిది ఉమ్మేసి లేచి వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం కార్బురేటర్ని పాతగుడ్డలో చుట్టి తనే నా చేతికిచ్చింది. నా సామాను సంచి అక్కడే, ఆవిడ గడప పక్కన వదిలి వచ్చాను. ఆవిడ అడగలేదు. మెకానిక్కు సంచి వదిలాడంటే తిరిగి వస్తానని మాట ఇచ్చినట్టే.

ఆ సాయంత్రం మేస్త్రిగారు బస్సు దిగి, వాంతులు తగ్గకముందే లేతు దగ్గరికి వెళ్లారు. కన్నం బయటి గోడకంటే వెంట్రుకవాసి చిన్నదిగా ఇత్తడి ఉంగరం చేసి, బొగ్గుల మీద కాల్చి, వేడి మీద సాగిన ఉంగరాన్ని గోడకి తొడిగారు. చల్లారి అది బిగుసుకుంటుంటే చిటచిటమని చప్పుడైంది. మళ్లీ సున్నం పూశాం. గీత రాలేదు.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్లాను. బిగించాను. ఆవిడ బియ్యం డ్రమ్ములోంచి హ్యాండిల్ తెచ్చి మరిదికి ఇచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇంజను అందుకుంది. నేను కార్బురేటర్ ఎదురుగా నేల మీద కూర్చుని, పెట్రోలు కిరసనాయిలుకి మారేదాకా, ఆ తర్వాత పంపు వేడెక్కేదాకా, ఆ పైన ఎండ నడినెత్తికి వచ్చేదాకా చూశాను. చుక్క రాలేదు.

ఆ ట్రాక్టరు ఇంకో మూడేళ్లు, కరెంటు లైను వచ్చేదాకా పంపు తిప్పింది. మేస్త్రిగారు పని మానేసి కళ్లు బాగుచేయించుకున్నారు. కట్లు విప్పిన వారానికి వర్క్‌షాపుకి వచ్చి, అల్మరాలో మిగిలిన ఆ రెండు బుష్షులూ వెలుతురులో పట్టుకుని చూసుకుని, “ఛ, ఇంత గరుకా నా పని,” అని నొచ్చుకున్నారు. షావుకారు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత కౌంటర్ దగ్గర ఖాతాదార్లతో, మావాడు సెలవు పెట్టి మరీ వెళ్లి పని సరిచేసి వస్తాడని గొప్పగా చెప్పుకునేవారు.

ఇప్పుడు ఇలాంటి పనికి డబ్బాలో తయారుగా స్ప్రింగు మరలు దొరుకుతున్నాయి. ఇది చదివే కుర్ర మెకానిక్కులు, మీరు అరగంటలో వేసేస్తారు, మాకంటే శుభ్రంగా వేస్తారు. సంతోషం. పాడు చెయ్యని మెకానిక్కు ఎవడూ లేడు, మీరూ చేస్తారు. పాడైన నిమిషంలో మనిషికి వీపు తిప్పి కూర్చోబుద్ధవుతుంది. కూర్చోకండి. నాకు తెలిసింది ఇంతే. ఈమాత్రానికి నలభై ఆరేళ్లు పట్టింది. నా తొందర ఆ ఒక్కరోజుతో పోయిందని కూడా అనను. తర్వాత కూడా మా ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వెయ్యాల్సి వస్తూనే ఉంది.

ఇంజను మళ్లీ నడిచిన ఆ రోజు గురించి ఒకటి మిగిలింది. ఇంజను నడుస్తూ ఉండగా, నీళ్లు గెడ్డ వైపు వరసలు దాటి వాడిన వైపుకి చేరాయి. ఆవిడ అప్పటికే అక్కడ వంగి ఎండిన తీగలు పీకి గంపలో వేస్తోంది, పశువులకి. చెప్పిన తిట్లు ఆ రోజూ పెట్టలేదు, ఆ తర్వాతా పెట్టలేదు. ఫరవాలేదనీ అనలేదు. నేను వెళ్లి ఆవిడ పక్క వరసలో వంగాను. పసుపు తిరిగిన తీగలు వేళ్లతో సహా తేలిగ్గా వచ్చేస్తున్నాయి. ఒకటి, రెండు, నాలుగు పీకాను. వరస తర్వాత వరస చేతికి అలవాటై వేగం అందుకుంది. ఐదో వరస మొదట్లో చెయ్యి వెయ్యబోతుంటే ఆవిడ తల తిప్పకుండానే అంది.

“ఆ వరస పీకకు బావూ. దానికింకా పచ్చున్నాది.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తీగ మొదలు దగ్గర వంగి చూస్తే, ఎండిన ఆకుల అడుగున, గోరంత మేర, నిజంగానే పచ్చగా ఉంది. నీళ్లు అక్కడిదాకా రావడానికి ఇంకా కాస్త టైము పడుతుంది. ఆ వరస పక్కనే గట్టు మీద కూర్చున్నాను.